వడగళ్ళ శాలువా

ఆ ఏడు శీతాకాలమంతా ఓస్లా అత్త ఒకే ఒక్క గొర్రె మెడ మీది ఊలు వడికింది. మేనల్లుడు గిబ్బీ మందలోకెల్లా మెత్తని తెల్ల గొర్రె అది. వేసవిలో దాని ఊలును కత్తెర తగలనీయకుండా చేత్తో పీకి, గొంతు కింద వచ్చినదాన్ని మాత్రం విడిగా బుట్టలో దాచారు. అత్త దాన్ని కొంచెం కొంచెంగా దువ్వి, పీటు మట్టిగడ్డల పొయ్యి పక్కన రాట్నం వేసుకుని, వెంట్రుక కన్నా సన్నటి దారం తీసింది. ఆ దారం గాలిలో పట్టుకుంటే ఒక్కోసారి కనబడేది, ఒక్కోసారి కనబడేది కాదు. చివరి కండె నిండిన రోజున అత్త రాట్నాన్ని గోడవైపు తిప్పి పెట్టేసింది.

"ఇంక నా వల్ల కాదే ఆండ్రీనా," అంది. "వేళ్ళకి ఇంత సన్న దారం తెలీడం లేదు. తెగాక గానీ తెగిందని తెలీడం లేదు. ఇదే ఆఖరు. లీబీ బిడ్డ బాప్తిస్మానికి శాలువా నువ్వే అల్లు. మనింటి అల్లిక, మా అమ్మది. తెలిసిందా?"

"తెలిసిందత్తా."

ఆండ్రీనాకు నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తననూ తమ్ముడు గిబ్బీనీ పెంచింది ఈ మేనత్తే. ఉత్తరాది సముద్రంలోని అన్‌స్ట్ దీవిలో సూది పట్టని ఆడది లేదు గానీ, ఓస్లా అంత సన్నగా వడికేవాళ్ళు, ఆండ్రీనా అంత తప్పు లేకుండా అల్లేవాళ్ళు తక్కువ. ఇద్దరూ కలిసి తయారుచేసిన లేసు శాలువాలు ఆవిరి ఓడెక్కి దక్షిణాదికి వెళ్ళిపోయేవి. అక్కడ ఎవరో దొరసానుల భుజాల మీద ఉండేవి కాబోలు. అత్త చెప్పిన అల్లికను ఆండ్రీనా చేతులు చెప్పినట్టే చేసుకుపోయేవి. ఆమె అల్లిక చూసినవాళ్ళంతా "ఎంత శుభ్రంగా ఉందో" అనేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆమె కూడా అంతకు మించి ఆశించలేదు.

ఇంటి అల్లికలో అంచుకు అలలు, నాలుగు పట్టీల నిండా ఫర్ చెట్టు కాయలు, నడిమి చదరంలో పిల్లి పాదాలు. ఆండ్రీనా అంచు పూర్తిచేసి, మొదటి పట్టీ మొదలుపెట్టింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని తమ్ముడి పెళ్ళాం లీబీ పక్కనే కూర్చుని చూసేది. లీబీది పక్క దీవి యెల్.

"వదినా, ఈ గుడ్లలాంటివి ఏంటి?"

"గుడ్లు కాదు తల్లీ, ఫర్ కాయలు," అంది అత్త పొయ్యి దగ్గర నుంచి.

"మీ అన్‌స్ట్‌లో ఫర్ చెట్టెక్కడుందత్తయ్యా?"

"మీ యెల్‌లో ఉందేంటి పెద్ద?"

"లేదు. అందుకే మేం అల్లం," అంది లీబీ. ఆండ్రీనాకు నవ్వాగలేదు. రెండు దీవుల్లోనూ మనిషి ఎత్తు చెట్టు ఒక్కటి కూడా లేదు. గాలి ఉండనివ్వదు. పుట్టిన దగ్గర నుంచి కొన్ని వేల ఫర్ కాయలు అల్లింది గానీ, ఆ కాయ ఎలా ఉంటుందో తనకు తెలియదన్న సంగతి ఆండ్రీనాకు అంతవరకూ తట్టలేదు.

ఏప్రిల్‌లో గొర్రెలు ఈనుతున్న రోజుల్లో, సూడిది ఒకటి మందలో కనబడలేదు. పడవ ఒడ్డుకు లాగుతూ గిబ్బీ మడమ బెణికించుకున్నాడు. దాంతో ఆండ్రీనా బయల్దేరింది. సూది గుచ్చి నిలపడానికి నడుముకు తోలు పట్టీ కట్టుకుని, దారిలో చేతులు ఖాళీగా ఉంచడమెందుకని తమ్ముడి మేజోడు ఒకటి సూదుల మీద వేసుకుని, అల్లుకుంటూ ఉత్తరపు కొండ వైపు నడిచింది.

ఇల్లు వదిలినప్పుడు ఎండగా ఉంది. భరతపిట్టలు కనబడనంత ఎత్తున ఎగిరి కూస్తున్నాయి. వాగు దాటేసరికి సన్నటి జల్లు, ఏటవాలుగా, గడ్డిని దువ్వుతున్నట్టు వచ్చి వెళ్ళిపోయింది. దాని వెనకే మళ్ళీ ఎండ. ఈసారి తడి గడ్డి మీద పడి కళ్ళు చెదిరేలా మెరిసింది. సగం కొండ ఎక్కాక వడగళ్ళు కొట్టాయి. ఆండ్రీనా పాత రాతిగోడ చాటున ముడుచుకుని కూర్చుంది. వడగళ్ళు గోడ మీద గంతులేసి ఆమె ఒళ్ళో మేజోడులో పడ్డాయి. "ఊరుకోండర్రా," అని దులిపేసింది. ఇవేమీ కొత్త కాదు. ఆ దీవిలో వసంతమంటేనే అది. ఉతికిన బట్టలు ఒక్క పూటలో నాలుగుసార్లు ఆరేసి నాలుగుసార్లు తీసుకోవాలి.

కొండ మీదికి చేరాక గొర్రె అరుపు వినబడింది, ముందు నుంచి, దగ్గరగా. అటు నడుస్తుండగా పొగమంచు వచ్చింది. వచ్చిందని అనడానికి కూడా వీల్లేదు. అప్పటిదాకా ఉన్న కొండ అప్పటి నుంచి లేదు, అంతే. తన చేతిలోని సూదుల కొనలు కూడా మసకబారాయి.

ఆండ్రీనా ఒక అడుగు వేసింది. రెండోది వెయ్యబోయి ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలియదు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. ఎక్కడో సముద్రం ఊపిరి తీస్తున్న చప్పుడు. ముందు నుంచి వస్తున్నట్టు తోచింది, ఆ తర్వాత కింద నుంచి. సరిగ్గా పాదాల కింద నుంచి. మెల్లగా వంగి, చేతికందిన రాయి తీసి ముందుకు విసిరింది. పడిన చప్పుడు రాలేదు.

అక్కడే కూలబడింది. రెండు చేతులా గడ్డి దుబ్బులు పట్టుకుంది. కేక పెడితే వినేవాళ్ళు లేరు. కదిలితే ఎటు కదులుతున్నదీ తెలియదు. తెల్లదనం తప్ప ఇంకేమీ లేదు. ఆ తెల్లదనంలో కాసేపటికి తన చేతులు ఎక్కడ ముగిశాయో, గడ్డి ఎక్కడ మొదలైందో కూడా తెలియకుండా పోయింది.

అప్పుడు తల మీదుగా ఏదో వెళ్ళింది. మొదట గాలి అనుకుంది. కాదు, రెక్కలు. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులుగా, చాలా కిందుగా, ఒకదాని వెనక ఒకటి రెక్కలు లాగుతున్న చప్పుడు. మధ్యమధ్యలో ఒకదాన్నొకటి పిలుచుకుంటున్న గొంతులు. ఉత్తరాదికి వెళ్ళే బాతులు. నేలా నింగీ కనబడని ఆ తెలుపులో అవి ఏమాత్రం తడుముకోకుండా తమ దారిన తాము పోతున్నాయి. రెక్కల గాలి ఆమె నుదుటికి తగిలింది. ఆండ్రీనా భయపడడం మరిచిపోయింది. తల ఎత్తి, కళ్ళు తెరుచుకుని, ఏమీ కనబడకపోయినా చూస్తూ కూర్చుంది.

చివరి బాతు గొంతు దూరమైన కొంతసేపటికి పొగమంచులో చిన్న కన్నం పడింది. అందులోంచి నీలం కనబడింది. ఆమె దాన్ని ఆకాశమనుకుంది, కానీ అది ఆమె మోకాళ్ళకు కిందుగా ఉంది. కన్నం పెద్దదైంది, పక్కన ఇంకొకటి పడింది, రెండూ కలిసిపోయాయి. చూస్తుండగానే తెర చినిగి పక్కకు తొలగిపోయింది.

ఆమె పాదాల ముందు నేల లేదు. ఎంతో లోతున ఎండలో పక్షుల వీపులు తెల్లగా తిరుగుతున్నాయి. వాటికీ కింద ఆకుపచ్చటి సముద్రం. ఆ సముద్రం మీద, కంటి చివరిదాకా, వడగళ్ళ వానలు నడిచి వస్తున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో బూడిదరంగు తెర. పైన మబ్బుకు వేలాడుతూ, కింద నీటిని ఈడుస్తూ. వాటి సందుల్లోంచి ఎండ నిలువుగా దిగుతోంది. ఒక తెర ఎండ ముందుకు వచ్చినప్పుడు దాని లోపల ఉన్న గింజలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోతున్నాయి. ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే చప్పుడే లేదు. తను పుట్టకముందు నుంచీ ఇది ఇక్కడ ఇలాగే జరుగుతోందని, చూసేవాళ్ళు ఉన్నా లేకున్నా జరుగుతూనే ఉంటుందని ఆమెకు అనిపించింది. చేతులు గడ్డిని వదల్లేదు గానీ, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నట్టు చాలాసేపటికి గాని తెలియలేదు.

గొర్రె ఎడమ పక్కన ఉంది. అప్పుడే ఈనిన పిల్లను నాకుతూ, ఏమీ ఎరగనట్టు.

ఇంటికి వచ్చేసరికి గిబ్బీ గుమ్మంలో కుంటుతూ నిలబడి ఉన్నాడు.

"ఇంతసేపా అక్కా! ఏమైపోయావ్?"

"వానలు చూశాను," అంది ఆండ్రీనా, గొర్రెపిల్లను అతని చేతికిస్తూ.

"వానలా? అన్‌స్ట్‌లో వాన చూడ్డానికి కొండెక్కాలా? గుమ్మంలో నిలబడితే నెత్తిన పడుతుంది కదా!"

లీబీ పకపకా నవ్వింది. ఆండ్రీనా కూడా నవ్వి ఊరుకుంది. అంచున కూర్చున్న సంగతి చెబితే ఇంక కొండకు పంపరు. అంతకన్నా, చెప్పడానికి మాటలు లేవు. రొట్టె, పొగకు ఎండిన మాంసం ముందు పెట్టారు. తిన్నదో లేదో ఆమెకు గుర్తు లేదు.

మర్నాడు శాలువా చేతిలోకి తీసుకుంటే ఫర్ కాయలు కనబడ్డాయి. వాటివైపు చాలాసేపు చూసింది. అలల అంచు ఉంటుంది, అది నిజమే, సముద్రం చుట్టూ ఉంది. కానీ పట్టీని మాత్రం సూదుల నుంచి జార్చి విప్పడం మొదలుపెట్టింది. ఒంటి పోగు దారం. కుట్లు ఒకదాన్నొకటి కరుచుకుని వదల్లేదు. ఎంత నెమ్మదిగా లాగినా తెగింది. తెగినచోట ఉమ్మితో తడిపి, వేళ్ళ మధ్య నలిపి అతికించింది. కొన్నిచోట్ల అతకలేదు. అత్త వడికిన దారం అలా తునకలుగా ఒళ్ళో పడుతుంటే దొంగతనం చేస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. అయినా ఆపలేదు.

జల్లు సులువుగానే వచ్చింది. కన్నాలు ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి జారితే అదే జల్లు. ఒకదాని దగ్గరగా ఒకటి వేస్తే ముసురు, దూరదూరంగా వేస్తే ఎండలో వాన. పట్టీలు అలా నడిచాయి. నడిమి చదరం దగ్గర చిక్కొచ్చింది. పొగమంచు ఎలా అల్లాలి? అందులో ఏమీ లేదు. రకరకాలుగా కన్నాలు వేసి చూసింది. ఏది వేసినా ఏదో ఒకటి కనబడుతోంది. ఒకరోజు ఆవు పాలు పిండుతుండగా తోచింది, కనబడకుండా పోవడమే అల్లాలని. కన్నాలను ఒక్కొక్కటిగా మానేస్తూ వచ్చింది. చివరికి ఒట్టి అల్లిక, వరస తర్వాత వరస, ఏమీ లేకుండా. ఏ పనీ ఇంత కష్టంగా అనిపించలేదు. చేతులు అలవాటుగా కన్నం వెయ్యబోతే ప్రతిసారీ ఆపుకోవాల్సి వచ్చింది.

అత్త చూపు బాగా మందగించింది. అల్లుతున్న శాలువా ఎలాగూ ముడుచుకుపోయి ఉంటుంది గనుక, ఆండ్రీనా ఏమీ చెప్పలేదు. కానీ ఓస్లాకు కళ్ళ కన్నా వేళ్ళే ముందు. ఒక మధ్యాహ్నం ఆండ్రీనా పెరట్లోంచి లోపలికి వచ్చేసరికి శాలువా అత్త ఒళ్ళో ఉంది. బొటనవేలు ఒట్టి అల్లిక మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇక్కడ మర్చిపోయావా?"

"లేదత్తా."

"మరి ఏంటిది?"

"పొగమంచు."

అత్త వేళ్ళు పట్టీల మీదికి వెళ్ళాయి.

"కాయలేవి?"

"విప్పేశాను. అది వాన."

"విప్పేశావా?" గొంతు పైకి లేవలేదు, అదే భయంగా ఉంది. "నా కళ్ళు పోగొట్టుకుని వడికానే అది. విప్పేశావా?"

"అత్తా, ఆ రోజు కొండ మీద..."

"కొండ మీద ఏముందే? వాన. వానని అల్లుతారా ఎవరన్నా? మా అమ్మ అల్లిందా? వాళ్ళమ్మ అల్లిందా?"

"ఫర్ కాయ నువ్వు చూశావా అత్తా?"

"లేదు. మా అమ్మా చూళ్ళేదు. చూడకపోయినా అల్లింది. ఆవిడ చేతులు నీకిచ్చాను, నువ్వు విప్పేశావ్." శాలువాను మడత పెట్టకుండా బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అత్త ఆండ్రీనాతో మాట్లాడడం మానేసింది. ఉప్పు కావలసినా లీబీని అడిగేది. "మీ ఇద్దరి మధ్యా నేను టపా పడవనయ్యాను," అని లీబీ ఒకరోజు నిష్ఠూరమాడింది. "వదినా, కాళ్ళు పట్టుకునైనా ఒప్పించరాదూ?"

"ఏమని ఒప్పించను? విప్పినమాట నిజమే కదా."

ఆండ్రీనా అల్లుతూనే ఉంది. పొగమంచులో కన్నం పడింది, పక్కన ఇంకొకటి, అవి కలిసి తెర చినిగింది. ఇక వడగళ్ళే మిగిలాయి. కండె చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. తునకలైన దారమంతా ఇప్పుడు కావలసి వచ్చింది. రెండు వరసలు అల్లేసరికి కండె ఖాళీ అయిపోయింది. కుట్లన్నీ సూది మీద అలాగే ఉండగా ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. అలాంటి దారం ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

మర్నాడు ఉదయం రాట్నం చప్పుడుకు మెలకువ వచ్చింది. వచ్చి చూస్తే అత్త పొయ్యి దగ్గర కూర్చుని, దువ్వగా బుట్టలో మిగిలిన ఊలు వడుకుతోంది. ముఖం ఇటు తిప్పలేదు. దారం తెగుతోంది, తడుముకుని అతుకుతోంది, మళ్ళీ తెగుతోంది. ఆండ్రీనా సాయం చెయ్యబోయి, లీబీ చెయ్యి పట్టుకుని ఆపడంతో ఆగింది. అత్త ఆ పూటా, ఆ మర్నాడూ లేవకుండా వడికింది. చివరికి కండె తీసి ఆండ్రీనా వైపు చాచింది.

"పారెయ్," అంది. ఇన్ని రోజులకు అన్న మొదటి మాట అది. "చిన్నపిల్లలు తీసినట్టుంది. నాకే సిగ్గేస్తోంది."

దారం వెలుగులో పట్టి చూసింది ఆండ్రీనా. ఒకచోట వెంట్రుకంత సన్నగా ఉంది, ఇంకోచోట చిన్న గింజ కట్టి ఉంది. మళ్ళీ సన్నగా, మళ్ళీ గింజ.

"అత్తా, నాకు సరిగ్గా ఇదే కావాలి."

"జాలి పడకే. ఏడుపొస్తుంది నాకు."

"జాలి కాదు, ఒట్టు. ఉండు." అక్కడే పీట మీద కూర్చుని గబగబా కొన్ని వరసలు అల్లి, సూదులతో సహా తెచ్చి అత్త చేతిలో పెట్టింది. బొటనవేలు నెమ్మదిగా కదిలింది. సన్నటి అల్లికలో గింజలు వేలికి తగులుతున్నాయి. వేలు ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

"వడగళ్ళు," అంది అత్త.

"ఊఁ."

"పొగమంచు తర్వాతా?"

"ఆ తర్వాతే. ఎండలో."

అత్త శాలువా తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు ఉప్పు ఆండ్రీనానే అడిగింది.

మే నెల మధ్యలో అల్లిక పూర్తయింది. గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి తీస్తే అది గుప్పెడు తడి గుడ్డ. లీబీ ముఖం పాలిపోయింది. "ఇంతేనా వదినా?" అంది. ఆమె పుట్టింట్లో లేసు ఎవరూ అల్లేవాళ్ళు కాదు.

"దాన్ని చాపాలి, అప్పుడు చూడు," అంది ఆండ్రీనా, లోపల దడగానే ఉన్నా. అన్ని వారాలూ ముద్దలా తప్ప తనూ దాన్ని చూడలేదు.

నిలువెత్తు చెక్క చట్రాన్ని పశువుల కొట్టం గోడకు ఆనించి నిలబెట్టారు. అంచులోని ఒక్కొక్క అల మొననూ దారంతో చట్రం మేకులకు కట్టుకుంటూ పోయారు. కడుతున్నంతసేపూ ఆండ్రీనా దగ్గర నుంచి తప్ప చూడలేదు. చివరి మొన కట్టి, వెనక్కి అడుగులు వేసి, తల ఎత్తింది.

సముద్రం చుట్టూ ఉంది. వాన ఏటవాలుగా నాలుగు వైపుల నుంచీ వస్తోంది. నడిమి చదరంలో, పైన, ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట చూపు నిలబడక జారిపోతోంది. దాని కింద తెర చినిగి, వడగళ్ళు దిగుతున్నాయి. ఇదంతా తను అల్లిందే. అయినా తను అల్లినట్టు లేదు. ఎప్పటి నుంచో అక్కడ ఉన్నదాని ముందు ఎవరో ఇప్పుడే తలుపు తీసినట్టుంది.

"అమ్మో," అంది లీబీ చిన్నగా. చంకలో బిడ్డ కూడా అటే చూస్తోంది.

"ఏమైంది? ఎవరన్నా చెప్పండర్రా," అంది అత్త. మసక కళ్ళను చిట్లించి, చట్రానికి చెయ్యంత దూరంలోకి వెళ్ళి నిలబడింది. అలా నిలబడే ఉంది.

వాయవ్యం నుంచి గాలి లేచింది అప్పుడే. ఆండ్రీనా వెనక్కి తిరిగి చూసేసరికి సముద్రం మీద నల్లటి మబ్బు సగం దారి వచ్చేసింది. "లోపల పెట్టండి! లీబీ, పిల్లని పడుకోబెట్టి రా!" అని అరిచింది. చట్రం కదిలితే కదా! గాలి శాలువాలోకి దూరి చట్రాన్ని గోడ నుంచి ఊడబెరుకుతోంది. ఆండ్రీనా ఒక పక్క, పరిగెత్తుకొచ్చిన లీబీ ఇంకో పక్క పట్టుకుని వేలాడారు. ముసలమ్మ మధ్యలో కింది చెక్క మీద పాదం వేసి, రెండు చేతులా పట్టుకుంది.

"అత్తయ్యా, మీరు లోపలికెళ్ళండి!"

"నోర్ముయ్యవే యెల్ పిల్లా! గట్టిగా పట్టుకో!"

వడగళ్ళు కొట్టాయి. చెవులు మోగిపోయాయి, వీపులు మండాయి. ఎవరూ వదల్లేదు. లీబీ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్న ఆండ్రీనాకు శాలువా గాలికి ఊగుతూ చేస్తున్న చప్పుడు వినబడింది, ఆ రోజు తల మీదుగా వెళ్ళిన రెక్కల్లాగే. ఎప్పుడు తెగుతుందా అని క్షణం క్షణం ఎదురుచూసింది. తెగలేదు.

మబ్బు వచ్చినంత తొందరగానూ వెళ్ళిపోయింది. ఎండ కాసింది.

ఆండ్రీనా కళ్ళు తెరిచింది. వడగళ్ళు చాలావరకు రాలిపోయాయి గానీ, సన్నవి అల్లికలో ఇరుక్కుని కరుగుతున్నాయి. ప్రతి కన్నంలోనూ ఒక నీటి పొర నిలిచింది. ఎండ వాళ్ళ వెనక నుంచి వచ్చి అన్నిట్లోనూ ఒకేసారి వెలిగింది. శాలువా మొత్తం ఊపిరి తీస్తున్నట్టు ముందుకూ వెనక్కీ కదిలినప్పుడల్లా ఆ వెలుగు రంగు మారి ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తింది. అత్త బుగ్గల మీద కూడా ఆ రంగులు పాకాయి. ముగ్గురూ తడిసి ముద్దై, చట్రాన్ని వదలడం మరిచిపోయి, అలాగే నిలబడ్డారు.

గిబ్బీ రేవు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పడిందా? విరిగిందా?" అంటూ వచ్చినవాడు శాలువా ముందు ఆగిపోయాడు. అతను లేసు పట్టించుకునే మనిషి కాదు. చేపల పడవలో పెరిగినవాడు, ఆకాశం చూడకుండా చొక్కా కూడా తొడుక్కోడు. తల ఒక పక్కకు వంచి, ఆకాశాన్ని చూసినట్టే శాలువాను చూశాడు.

"పొద్దున దక్షిణపు గాలి," అన్నాడు వేలితో పట్టీ చూపిస్తూ. "జల్లులు. ఇక్కడికొచ్చేసరికి తిరిగింది, వాయవ్యం. తర్వాత గాలి పడిపోయి మంచు కమ్మింది." వేలు ఒట్టి అల్లిక మీదికి వచ్చింది. "కమ్మి... ఇక్కణ్ణుంచి తెరిపిచ్చింది. కింద నుంచి తెరిపిచ్చింది."

అతని వేలు అక్కడే నిలిచిపోయింది.

"కొండ మీద మంచు కింద నుంచి తెరిపివ్వదక్కా. కొండ కొమ్ము చివర కూర్చుంటే తప్ప అలా కనబడదు." ఆండ్రీనా వైపు తిరిగాడు. "ఆ రోజు నువ్వెంత అంచున ఉన్నావ్?"

ఆండ్రీనా చట్రం మీద నుంచి చెయ్యి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎడం చూపించింది. గిబ్బీ వచ్చి ఆమె తలను రెండు చేతులా పట్టుకుని తన భుజానికి అదుముకున్నాడు. చిన్నతనం నుంచీ అతను అలా చేసిన గుర్తు ఆమెకు లేదు.

"నేనే పంపాను నిన్ను," అన్నాడు.

"పంపకపోతే చూసేదాన్ని కాదురా."

ఓస్లా అత్త ఇంకా చట్రాన్ని పట్టుకునే ఉంది. ఒట్టి అల్లిక మీద అరచెయ్యి ఆనించి, "ఇక్కడేనా కూర్చుంది?" అని అడిగింది.

"అవునత్తా."

"ఏమీ కనబళ్ళేదా?"

"ఏమీ కనబళ్ళేదు. బాతులు వెళ్ళాయి, చప్పుడు వినబడింది."

"నాకూ ఇప్పుడు ఇంతే," అంది అత్త నెమ్మదిగా. "నీ ముఖమూ ఇలాగే కనబడుతోంది. భయమేసి ఎవరికీ చెప్పలేదు." అరచెయ్యి తియ్యలేదు. "బాతులు వెళ్ళాయా?"

"చాలా వెళ్ళాయి. దగ్గరగా. రెక్కల గాలి తగిలింది."

అత్త తల ఊపింది. ఆండ్రీనా ఆమె తడి భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి నడిపించింది.

బాప్తిస్మం నాడు చర్చి కిటకిటలాడింది. బిడ్డ నిద్రపోయి, లేచి, పాదిరిగారు నీళ్ళు చల్లగానే గుక్కపెట్టి, పాలన్నీ శాలువా మీద కక్కింది. "వదినా, చంపెయ్ నన్ను," అంది లీబీ. ఆండ్రీనా రుమాలుతో తుడిచి, "దీని మీద వాన పడలేదేంటీ, ఇదీ పడనీ," అంది. వెనక వరసలో ముసలాళ్ళు పగలబడి నవ్వారు, పాదిరిగారు కూడా.

బయటికి వచ్చాక ఆడవాళ్ళంతా లీబీ చుట్టూ మూగారు. శాలువా అంచులు పట్టుకుని, వెలుగుకు ఎత్తి, వేళ్ళు దూర్చి చూశారు. ఈసారి శుభ్రంగా ఉందని ఎవరూ అనలేదు. ఊళ్ళో ఓస్లా తర్వాత అంత పేరున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, ఓస్లా వైపు తిరిగింది.

"ఇది మీ అమ్మ అల్లిక కాదు కదే."

"కాదు," అంది ఓస్లా.

"నీదా?"

"దారం నాది, చివర్లో గింజలు కట్టినదీ నాదే. మిగతాదంతా అదిగో, దాన్ని అడుగు."

అందరూ ఆండ్రీనా వైపు తిరిగారు. "ఎలా అల్లావే ఇది? ఇక్కడ కన్నాలు ఎలా మాయమయ్యాయి? మాకూ చెప్పు," అని అడిగారు.

ఆండ్రీనా వాళ్ళ తలల మీదుగా అఖాతం వైపు చూస్తోంది. గాలి పూర్తిగా పడిపోయింది. ఎక్కడి నుంచో తెలియకుండా ఒక లేత పసుపు నీటిమీదికి పాకుతోంది. ఎండ కాదు, మబ్బూ కాదు, అలాంటిది ఆమె నలభై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు. చూస్తుండగానే అది ఒడ్డు దాకా వచ్చి, తడి రాళ్ళను ఒక్కొక్కటిగా వెలిగించడం మొదలుపెట్టింది.

"ఆండ్రీనా, నిన్నేనే," అన్నారెవరో మళ్ళీ.

ఆమెకు వినబడలేదు.